ఈగలు చేసే కసరత్తు



బేరాల్లేక ఖాళీగా కూర్చున్న దుకాణదారుణ్ణి పలకరించి చూడండి. "ఏముందండీ, ఈగలు తోలుకుంటున్నా" అంటాడు. చేతిలో పనేమీ లేదని చెప్పడానికి మన భాషకు దొరికిన మాట అది. అమెరికాలో కొందరు పెద్ద చదువులు చదివినవాళ్ళు ఈగల్ని తోలడం లేదు. పట్టుకుని గాజు గొట్టాల్లో పెట్టి, రోజూ వేళకి వాటి చేత కసరత్తు చేయిస్తున్నారు. చేసిన ఈగ బరువెంత, చేయని ఈగ బరువెంత, ఒంట్లో కొవ్వెంత అని లెక్కలు రాసుకుంటున్నారు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకూ నవ్వొచ్చింది. అంతలో మా తోడల్లుడు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

మా తోడల్లుడు నాకన్నా రెండేళ్ళు పెద్ద. నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన నన్ను తమ్ముడూ అంటారు. ఇద్దరిళ్ళూ ఒకే వీధిలో. ఒకే రోజున, ఒకే పార్కులో నడక మొదలుపెట్టాం. పొద్దున ఐదున్నరకి బయల్దేరి నలభై నిమిషాలు, పక్కపక్కనే, కబుర్లు చెప్పుకుంటూ. ఇళ్ళలో వంట చేసేది అక్కాచెల్లెళ్ళు. ఒకే పుట్టింట్లో నేర్చిన చేతులు, కాబట్టి ఉప్పూ నూనే కూడా ఇంచుమించు ఒకే కొలత. ఎనిమిది నెలలు గడిచేసరికి నా ప్యాంట్లన్నీ దర్జీ దగ్గరికి వెళ్ళి నడుం తగ్గించుకుని వచ్చాయి. ఆయన బెల్టు ఒక్క బెజ్జం కూడా బిగియలేదు.

దారిలో ఎక్కడో ఇడ్లీ బండి దగ్గర ఆగుతున్నారని మా వదినగారి అనుమానం. లేదని నేను సాక్ష్యం చెప్పాను. తోడుదొంగనన్నారు.

తోడల్లుళ్ళం కాబట్టి మా ఇద్దరికీ ఉన్నది పెళ్ళిళ్ళ వల్ల వచ్చిన చుట్టరికమే, రక్తసంబంధం కాదు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి.

ఒకే కసరత్తు ఒక్కొక్కరికి ఒక్కోలా ఎందుకు పడుతుందన్న విషయాన్ని మనుషుల మీద పట్టుదలగా పరిశీలించిన వాళ్ళున్నారు. క్లాడ్ బూషార్ అనే శాస్త్రవేత్త పేరు ఇందులో ముందు చెప్పుకోవాలి. హెరిటేజ్ ఫ్యామిలీ స్టడీ అని, అమ్మానాన్నా పిల్లలతో సహా కుటుంబాలకు కుటుంబాలనే తీసుకొచ్చి, 20 వారాల పాటు, వారానికి మూడు రోజులు, కదలని సైకిలు తొక్కించారు. వాళ్ళంతా అప్పటిదాకా వ్యాయామం అలవాటు లేనివాళ్ళు. మనిషి శరీరం గట్టిగా శ్రమపడేటప్పుడు నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో కొలిచారు. దమ్ము అంటాం చూడండి, దానికి అదొక కొలత. 1999లో అచ్చయిన లెక్కలో 481 మంది ఉన్నారు. సగటున మనిషికి 400 మిల్లీలీటర్ల దాకా దమ్ము పెరిగింది. బాగానే ఉంది. కానీ ఆ సగటు వెనక ఉన్న కథ వేరు. కొందరికి దాదాపు ఏమీ పెరగలేదు. కొందరికి లీటరు పైన పెరిగింది. అదే సైకిలు, అవే వారాలు, మీటరు పెట్టి కొలిచిన అదే శ్రమ.

ఇంకొకటి కనిపించింది. ఒక ఇంట్లో వాళ్ళ ఫలితాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి, ఇంటికీ ఇంటికీ మధ్య మాత్రం చాలా తేడా ఉంది. ఈ తేడాలో వారసత్వం వాటా ఎక్కువలో ఎక్కువ 47 శాతం ఉండొచ్చని లెక్క కట్టారు. ఎక్కువలో ఎక్కువ అని ఎందుకన్నారంటే, ఒక ఇంట్లో వాళ్ళు పంచుకునేది రక్తం ఒక్కటే కాదు. ఒకే పొయ్యి మీద వండింది తింటారు, ఒకే టీవీ ముందు కూర్చుంటారు. ఏది రక్తం వల్ల, ఏది పొయ్యి వల్ల అని విడదీయడం మనుషుల్లో మహా కష్టం. పైగా మనిషి అబద్ధమాడతాడు. పరిశోధకుడితో కాకపోతే తనతో తానే ఆడతాడు. ఇడ్లీ బండి అనుమానం మా వదినగారికే కాదు, శాస్త్రానికీ ఉంది.

అందుకే ఈగ కావలసి వచ్చింది.

ఏ ఈగ అన్నది ఇక్కడ చెప్పాలి. మామిడి రైతులు పండు ఈగ అని తిట్టుకుంటూ ఎర బుట్టలు కట్టేది ఈ ఈగ కాదు. అది కాయలోకే గుడ్లు పెట్టే వేరే కుటుంబం. మన కథలోది వంటింట్లో మగ్గిపోయిన అరటిపండు చుట్టూ, కల్లు ముంత అంచు మీదా ముసిరే చిన్న ఈగ. రెండు మూడు మిల్లీమీటర్లుంటుంది, కళ్ళు ఎర్రగా ఉంటాయి. దానికి కావలసింది పండు కూడా కాదు, పండు పులిసినప్పుడు పుట్టే ఈస్టు. శాస్త్రం దీనికి పెట్టిన పేరు డ్రోసోఫిలా మెలనోగాస్టర్. మంచు బిందువుల్ని ప్రేమించే నల్లపొట్ట ప్రాణి అని అర్థం. ఈగకింత ముద్దుపేరు పెట్టడం నాకు భలే నచ్చింది.

దీని ఉద్యోగం పాతదే. న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్ పాలసీసాల్లో, అరటిపండు మేతగా పెట్టి, ఈ ఈగల్ని పెంచాడు. 1910లో ఆ ఎర్రకళ్ళ గుంపులో ఒక తెల్లకళ్ళ మగ ఈగ కనిపించింది. దాని సంతానాన్ని తరాల వెంట గమనించి, జన్యువులు క్రోమోజోముల మీదే ఉంటాయని తేల్చాడు. 1933లో నోబెల్ వచ్చింది. తర్వాత ఇదే ఈగ మీద పనిచేసి నోబెల్ అందుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. మన హైదరాబాదులో సీసీఎంబీ పరిశోధనశాలలోనూ ఈ ఈగల్ని పెంచి పరిశోధనలు చేస్తారు. ఇరవై అయిదు డిగ్రీల వెచ్చదనంలో గుడ్డు నుంచి రెక్కల ఈగ కావడానికి పది రోజులు చాలు. మనుషుల్లో మూడు తరాలు చూడాలంటే పరిశోధకుడికే మనవలు పుట్టాలి. ఈగల్లో అయితే ఒక వేసవి సెలవుల్లో చూసేయొచ్చు.

సరే, ఈగ చేత కసరత్తు ఎలా చేయిస్తారు? విజిలేసి చెబితే వినదు కదా.

దానికి పుట్టుకతో ఒక అలవాటుంది. గొట్టంలో పెట్టి ఒక్కసారి తట్టండి. అడుగున పడుతుంది. పడ్డ వెంటనే గోడ పట్టుకుని పైకెక్కడం మొదలుపెడుతుంది. మళ్ళీ తట్టండి, మళ్ళీ ఎక్కుతుంది. భూమి ఎటు లాగితే దానికి ఎదురెక్కడం దాని స్వభావం. శిక్షణ అక్కర్లేదు, ఎర అక్కర్లేదు.

ఈ స్వభావాన్ని వాడుకుని మొదట ఒక యంత్రం చేసినవాళ్ళు రాబర్ట్ వెసెల్స్ బృందం. 2009లో వాళ్ళ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ యంత్రం పేరు పవర్ టవర్. ఈగల గొట్టాల అరను పైకెత్తి కింద పడేస్తుంది, మళ్ళీ ఎత్తి పడేస్తుంది. రోకటిపోటు అనుకోండి. పోటు పడ్డప్పుడల్లా ఈగలన్నీ అడుగుకు జారతాయి, మళ్ళీ ఎక్కుతాయి. ఇలా గంటల కొద్దీ. వయసులో ఉండగా ఈ కసరత్తు చేసిన ఈగలకి, చెయ్యనివాటి కంటే, ముసలితనంలో నడకా గుండె పనీ నెమ్మదిగా క్షీణించాయి. ఈగకు గుండె ఎక్కడిదంటారేమో, ఉంది. వీపు వెంబడి గొట్టంలా ఉంటుంది, కొట్టుకుంటుంది, ముసలితనంలో లయ తప్పుతుంది.

ఈ ప్రయోగంలో నాకు బాగా నచ్చింది యంత్రం కాదు, ఒక స్పాంజి ముక్క. కసరత్తు చేసిన ఈగని దేనితో పోల్చాలి? ఊరికే బల్ల మీద కూర్చున్న ఈగతో పోలిస్తే, ఎవరైనా లేచి, తేడా కసరత్తు వల్ల కాదు, ఆ కుదుపుల వల్ల వచ్చిందంటారు. అందుకని రెండో గుంపునీ అదే యంత్రం మీద పెట్టారు. అదే మోత, అవే కుదుపులు. కాకపోతే ఆ గొట్టాల్లో స్పాంజి బిరడాను కిందిదాకా దిగ్గొట్టారు. ఎక్కడానికి జాగా లేదు. వ్యాయామశాలకి వచ్చి, పాట విని, చెమట వాసన పీల్చి, కుర్చీలో కూర్చుని వెళ్ళేవాళ్ళుంటారు చూడండి, అలాగన్నమాట.

అయినా రోకటిపోటు రోకటిపోటే. దెబ్బ తగిలిన బెదురు కూడా ఫలితంలో కలుస్తుందేమోనన్న అనుమానం పూర్తిగా పోదు. అలబామాలో నికోల్ రిడిల్, లారా రీడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల బృందాలు కలిసి ఇంకో సాధనం తయారు చేశాయి. ట్రెడ్‌వీల్ అని పేరు. తిరునాళ్ళలో రంగులరాట్నం చూశారు కదా, అలా గొట్టాలు మెల్లగా గుండ్రంగా తిరుగుతాయి. రంగులరాట్నంలో మన తొట్టి ఎప్పుడూ నిటారుగానే వేలాడుతుంది. ఇక్కడ గొట్టం తలకిందులవుతుంది. ఈగ కష్టపడి పైకి చేరేసరికి ఆ పైభాగమే అడుగవుతుంది. మళ్ళీ ఎక్కాలి. కుదుపు లేదు, దెబ్బ లేదు.

2016లో వాళ్ళు అచ్చువేసిన ప్రయోగంలో ఎనిమిది వంశాల ఈగల్ని తీసుకుని, వారం రోజులు ఇలా తిప్పారు. వంశం అన్న మాట మామూలు అర్థంలో వాడటం లేదు. ఒక్కో వంశంలోని ఈగలన్నీ జన్యువుల్లో ఇంచుమించు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కవలల ఊరు అనుకోండి. అలాంటి ఎనిమిది ఊళ్ళు. వారం తర్వాత తూచారు. ఒక ఈగ బరువు ఇంచుమించు ఒక మిల్లీగ్రాము, కాబట్టి గుంపులుగా తూస్తారు. కొవ్వూ చక్కెరా కొలవాలంటే మాత్రం, కల్వంలో మందు నూరినట్టు ఈగల్ని నూరక తప్పదు. ఎంత మెత్తటి రాట్నం ఎక్కించినా చివరికి జరిగేది అదే. చెప్పకుండా దాటేయడం నాకు ఇష్టం లేదు.

మొత్తం మీద చూస్తే ఫలితం మన డాక్టరు చెప్పేదే. కసరత్తు చేసిన ఈగల్లో నిల్వ కొవ్వు తగ్గింది. నిల్వ చక్కెర, అంటే గ్లైకోజెన్, తగ్గింది. బరువు తగ్గింది. ప్రోటీను పెరిగింది, ఎక్కే సత్తువ పెరిగింది. అయితే ఇదీ సగటే. సగటును విప్పి చూస్తే, ఏది ఎంత మారిందన్నది వంశాన్ని బట్టి వేరుగా ఉంది. ఆడా మగా అన్నదాన్ని బట్టి వేరుగా ఉంది. ఈ వంశంలో ఆడది, ఆ వంశంలో మగది అని రెండూ కలిపి చూస్తే ఇంకా వేరుగా ఉంది. అన్నీ తిన్నది ఒకే మేత. తిరిగింది ఒకే రాట్నం. అబద్ధమాడే నోరు లేదు. ఇడ్లీ బండి అసలే లేదు.

ఇక్కడ నాకు ముఖ్యంగా తోచిన సంగతి చెబుతాను. "వ్యాయామం ఒంటికి పట్టింది, పట్టలేదు" అని మనం ఒక్క మాటలో తేల్చేస్తాం. తేల్చడానికి మన దగ్గరున్న తూకం ఒక్కటే, బాత్రూంలో కాలికింద పెట్టుకునేది. ఈగల్ని కొలిచినవాళ్ళు ఒక్కటి కొలవలేదు, అరడజనుకు పైగా కొలిచారు. బరువు ఒక లెక్క, కొవ్వు ఒక లెక్క, సత్తువ ఒక లెక్క. ఇవన్నీ కట్టకట్టుకుని ఒకేసారి మారాలన్న నియమం లేదు. మంగళవారం బరువు చూసుకుని బుధవారం నడక మానేసేవాళ్ళు మన చుట్టూ ఎంతమంది లేరు!

ఎనిమిది వంశాలతో ఆగితే ఏ జన్యువు ఏం చేస్తోందో తెలియదు. దానికి పెద్ద సంత కావాలి. నిజంగానే అది సంతలో మొదలైంది. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, ర్యాలీ పట్టణంలో రైతుబజారు ఉంది. అక్కడి పండ్ల మీద వాలిన ఈగల్ని పట్టుకొచ్చి, ట్రూడీ మెకే అనే శాస్త్రవేత్త బృందం ఒక్కో తల్లి సంతానాన్ని విడిగా పెంచింది. అన్నాచెల్లెళ్ళనే జతకడుతూ ఇరవై తరాలు. అలా చేయగా చేయగా ఒక వంశంలో ఈగలన్నీ ఒకేలాంటివైపోయాయి. వంశానికీ వంశానికీ మధ్య మాత్రం బజారులో ఉన్న సహజమైన తేడాలు అలాగే నిలిచాయి. ఇలాంటి వంశాలు 205. ఒక్కో వంశం జన్యు పాఠమంతా చదివి లోకానికి అందుబాటులో పెట్టారు. దీన్ని డీజీఆర్‌పీ అంటారు. ఎవరైనా ఈ వంశాల్ని తెప్పించుకుని తమ ప్రశ్న అడగొచ్చు. ఒకరు నిద్ర గురించి అడుగుతారు, ఒకరు ఆయుష్షు గురించి అడుగుతారు.

రిడిల్ బృందం అడిగింది కదలిక గురించి. రాట్నానికి కంటికి కనిపించని పరారుణ కాంతి కిరణాలు అమర్చారు. ఈగ కిరణాన్ని దాటిన ప్రతిసారీ ఒక లెక్క పడుతుంది. తిరగని రాట్నంలో ఈగ తనంతట తాను ఎంత తిరుగుతుంది, తిప్పినప్పుడు ఎంత తిరుగుతుంది అని రెండూ కొలిచారు. ఈ ఫలితాలు 2020లో వచ్చాయి. ఊరికే ఉన్నప్పటి చలాకీతనమూ, తిప్పినప్పటి చలాకీతనమూ వంశాన్ని బట్టి, ఆడామగా తేడాని బట్టి మారాయి. ఇందులో చెయ్యి ఉన్న జన్యువులు వందకు పైగా బయటపడ్డాయి.

వంద. నేను చదువుతూ చదువుతూ ఆగింది ఇక్కడే. కండలకు సంబంధించినవే ఉంటాయనుకున్నాను. ఎక్కువగా కనిపించినవి మెదడూ నాడుల వ్యవస్థలో పనిచేసేవి, నాడి వచ్చి కండను తాకే చోట పనిచేసేవి. అంటే బద్ధకం, చురుకుదనం అని మనం గుణాల లెక్కలో వేసేవి ఈగలో కొంతవరకు తీగల లెక్క. కొన్నయితే, జన్యువులు చుట్టుకుని ఉండే పోగుల్ని సర్దే ప్రోటీన్లకు సంబంధించినవి. ఏ జన్యువు మూసి ఉండాలి, ఏది తెరుచుకోవాలి అన్నది వీటి చేతిలో ఉంటుంది. అలాంటి రెండింటిని విడిగా పరీక్షించి, కదలిక మీద వాటి ప్రభావం నిజమేనని చూశారు కూడా.

ఈ వంద అన్న మాట వినగానే నాకు మరొకటి గుర్తొచ్చింది. పిల్లవాడి లాలాజలం పంపండి, వాడు పరుగుకు పనికొస్తాడో బరువులెత్తడానికి పనికొస్తాడో చెబుతామనే ప్రకటనలు. ఒక చిన్న ఈగ గోడెక్కడానికే వంద జన్యువులు తలో చెయ్యి వేస్తుంటే, మీ అబ్బాయి భవిష్యత్తును గుప్పెడు జన్యువుల్లో చూసి చెప్పడం చిలకజోస్యానికి ఎంత దూరం? చిలక ఫీజు తక్కువ.

ఇంతకుముందు చెప్పిన వెసెల్స్ బృందం డెట్రాయిట్‌లో, వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఇంకో చిక్కుముడిని విప్పింది. పవర్ టవర్ మీద రోజురోజుకీ పెంచుతూ శిక్షణ ఇస్తే మగ ఈగలు బాగుపడుతున్నాయి. ఆడ ఈగలు అంతే ఎక్కుతున్నాయి, కానీ ఆ మేలు వాటికి అందడం లేదు. ఎందుకు? 2017లో జవాబు చెప్పారు. తేడా కండలో లేదు, నాడుల్లో ఉంది. ఆక్టోపమైన్ అనే రసాయనాన్ని వదిలే నాడీకణాలున్నాయి. పేరుకు తగ్గట్టే దీన్ని మొదట ఆక్టోపస్ లాలాజల గ్రంథుల్లో కనుక్కున్నారు. మన ఒంట్లో అడ్రినలిన్ జాతి రసాయనాలు చేసే పని పురుగుల్లో ఇది చేస్తుంది. ఆ కణాల్ని వేళకొకసారి, కసరత్తు పద్ధతిలోనే, మేల్కొలిపితే కదలకుండా కూర్చున్న ఈగలకు కూడా వ్యాయామ ఫలం అందింది. ఆ రసాయనాన్ని మేతలో కలిపి పెట్టినా అందింది.

దీన్ని విని "ఆడవాళ్ళకి వ్యాయామం పనిచేయదట" అని ఎవరైనా ఫోన్లో సందేశం తిప్పకముందే చెబుతున్నాను. ఇది ఈగల్లో సంగతి. ఆడవాళ్ళ ఒంటికి వ్యాయామం చేసే మేలు గురించి ఎవరికీ అనుమానం లేదు. ఈగ చూపించింది వేరే. కాలు కదపడం ఒకటి, కదిపానని ఒంటికి కబురందడం ఇంకొకటి. కబురు మోసే తపాలా ఆడ ఈగలో ఒకలా, మగ ఈగలో ఒకలా నడుస్తుంది.

ఆ తపాలా చేరే చివరి గడపల్లో ఒకటి సెస్ట్రిన్ అనే ప్రోటీను. 2020లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళూ వేన్ స్టేట్ వాళ్ళూ కలిసి, సెస్ట్రిన్ లేని ఈగల్ని తయారుచేసి మూడు వారాలు శిక్షణ ఇచ్చారు. ఎంత ఎక్కినా వాటికి సత్తువ పెరగలేదు. కండలో సెస్ట్రిన్ ఎక్కువగా తయారయ్యేలా చేసిన ఈగలు మాత్రం కసరత్తు లేకుండానే, చేసినవాటిలా తయారయ్యాయి. సెస్ట్రిన్ లేని ఎలుకల్లోనూ వ్యాయామం వంటబట్టలేదు. మాత్ర రూపంలో వ్యాయామం వస్తుందా అని అప్పుడే అడిగినవాళ్ళున్నారు. ఆ మాత్ర వస్తే నడకతో పాటు నడకలో కబుర్లు కూడా పోతాయి, నాకైతే వద్దు.

మా తోడల్లుడి సంగతి మధ్యలో వదిలేశాను. పోయిన మాఘమాసంలో రెండు కుటుంబాలూ కలిసి తిరుపతి వెళ్ళాం. అలిపిరి నుంచి కాలినడకన, 3,550 మెట్లు. సన్నబడ్డ నడుంతో నేను ముందు ముందు బయల్దేరాను. గాలిగోపురం ఇంకా రాకముందే కాళ్ళు మొరాయించాయి. ఒక మెట్టు మీద చతికిలబడి నీళ్ళ సీసా వెతుక్కుంటుంటే, మా అన్నయ్యగారు పొట్ట ముందూ తాను వెనకా, గోవింద కొట్టుకుంటూ నన్ను దాటి వెళ్ళిపోయారు. ఆయాసం లేదు. పది మెట్లు పైకెళ్ళి వెనక్కి తిరిగి, "ఏం తమ్ముడూ, చెయ్యి అందించనా?" అన్నారు. ఒక్క మనిషి మెట్లెక్కడం శాస్త్రం కాదు, ఆ మాట నాకు తెలుసు. అది మా వదినగారికి తెలియదు. ఆవిడ ఆయన్నొకసారి చూశారు. కింద కూర్చున్న నన్నొకసారి చూశారు.

"అయితే ఇన్నాళ్ళూ ఆ ఇడ్లీ బండి దగ్గర ఆగింది మీరా, మరిదిగారూ?" అన్నారు.